కోరంగీలు, కాందిశీకులు: బర్మానుండి మరలివచ్చిన తెలుగువారి చరిత్రలో కొన్ని పుటలు

‘కాందిశీకుడు’ అను మాటకు సంస్కృత నిఘంటువులు చెప్పెడి వ్యుత్పత్తి విచిత్రమైనది. ‘కాం దిశం’, అనగా ‘ఏ దిక్కునకు’ పోవుదునా యని తడబడి పరువెత్తువాడు కాందిశీకుడు. అతని ఊరు గాని, కులము గాని, వృత్తి గాని ఆ పదమున లేవు. అతడు వేసికొన్న ప్రశ్నయే అతనికి పేరైనది. తెలుగున ఈ మాట పండితుల గ్రంథములు దాటి వార్తాపత్రికలలోనికి, అచ్చటనుండి సామాన్యుల నోటికిని వచ్చినది. విశాఖపట్టణమున బర్మానుండి వచ్చినవారిని కాందిశీకు లనియే పెక్కుమంది పిలిచిరి. ప్రభుత్వపు కాగితములలో మాత్రము వారు కాందిశీకులు కారు; ‘స్వదేశమునకు మరలివచ్చినవారు’. ఈ రెండు పేర్లకు నడుమనున్న దూరమే ఈ వ్యాసమునకు విషయము.

ఈ సంపుటమున కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్ర, యానాములలో చిరకాలముగా స్థిరపడిన తెలుగువారినిగూర్చి పెద్దలు వ్రాయుచున్నారు. బర్మా తెలుగువారి కథ వారి కథలకు వెలుపలిదని తోచవచ్చును. అట్లు కాదు. గంజామునందలి గోపాలపురపు రేవునుండి ఓడ నెక్కినవారి బంధువులు నేటికిని బరంపురము ప్రాంతమున నున్నారు. 1964 తరువాత మరలివచ్చిన తెలుగువారిలో కొందరు మదరాసునందే దిగి అచ్చటనే నిలిచిపోయిరి. ఇక యానాము మాట. బర్మాలో తెలుగువానికి కలిగిన పేరే యానాము చెంతనుండి పోయినది.

గౌతమీ గోదావరి ముఖద్వారమున, యానామునకు సమీపమున, కోరంగి యను రేవు కలదు. ఒకప్పుడది ఓడల నిర్మాణమునకును మరమ్మతునకును ప్రసిద్ధి కెక్కినది. 1839 నవంబరు 25వ తేదీని వచ్చిన ఘోరమైన తుపాను ఆ రేవును తుడిచిపెట్టెను. పిమ్మట వర్తకము కాకినాడకు తరలినది. రేవు పోయినను పేరు మిగిలినది. కోరంగి ఓడలలో వచ్చినవారు గనుక బర్మాలో తెలుగువారు ‘కోరంగీలు’ అయిరి. గంజాము వాడైనను, శ్రీకాకుళము వాడైనను, కోరంగి ఎచ్చట నున్నదో ఎరుగని విశాఖ మన్నెపు వాడైనను రంగూను గుమాస్తా కలము క్రింద కోరంగీయే. ఒక జాతిని ఒక ఊరి పేరుతో పిలుచుట లోకమున వింత కాదు. అయితే ఆ పేరు కాలక్రమమున ‘కూలీ’ యను అర్థమును సంతరించుకొని, తుదకు ఈసడింపు మాటగా మారినది. అందుకే బర్మాలో చదువుకొన్న తెలుగువారు తమను ఆంధ్రు లనవలెనని పట్టుపట్టుచుండిరి.

మా తాతగారి ఊరు శ్రీకాకుళము జిల్లాలో సముద్రమునకు రెండు కోసుల దూరమున నున్నది. ఆ ఊరిలో ఎవ్వరును ‘రంగూను’ అనగా నేను వినలేదు. ‘రంగం’ అనియే అనువారు. “రంగం పోయినాడు” అన్నచో మూడర్థములు: సంపాదనకు పోయినాడు, అప్పులవాండ్ర బాధ పడలేక పోయినాడు, ఇక రాడు. సందర్భమును బట్టియు, చెప్పువారి గొంతును బట్టియు ఏ అర్థమో తెలిసికొనవలెను. ఒక తరము వారికి ‘రంగూన్ రౌడీ’ యను నాటకము ఎంత ప్రియమైనదో ఇప్పటి వృద్ధు లెరుగుదురు. ఆ పట్టణము పేరు విన్నంతనే ఆశయు భయమును కూడ కలుగు కాలమది.

బ్రిటిషువారు 1852లో దిగువ బర్మాను ఆక్రమించిన పిమ్మట ఐరావతీ మైదానమున వరి సాగు విస్తరించినది. ధాన్యము దంచు మిల్లులు, ఓడలలో బస్తాలు నింపు రేవులు, పట్టణపు పారిశుద్ధ్యము, రిక్షాలు: వీటి కన్నింటికిని చౌకయగు కూలీలు కావలసివచ్చిరి. ఉత్తర సర్కారులలో క్షామములు, అప్పులు, భూమి లేమి వారిని సిద్ధము చేసియుంచినవి. గోపాలపురము, కళింగపట్టణము, భీమునిపట్టణము, విశాఖపట్టణము, కాకినాడ రేవులనుండి ఆవిరి యోడలు వారిని కొనిపోయెను. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు 10,17,825 మంది. రంగూను జనాభా 4,00,415 కాగా అందు భారతీయులే 2,12,929; అనగా బర్మా రాజధానిలో బర్మీయులు అల్పసంఖ్యాకులు. మొత్తము తెలుగువారు సుమారు లక్షన్నర. వారిలో అత్యధికులు పురుషులు; భార్యాబిడ్డలను ఊరిలో విడిచి, రెండు మూడేండ్లు కష్టించి, మరల రాదలచినవారు.

వలసపోయినవానికి పరదేశమున మొదటి సలహాదారు ఎవడు? చరిత్రకారులు కూలి రేట్లను లెక్కించిరి, ఓడలను లెక్కించిరి. ఈ ప్రశ్నను మాత్రము అంతగా అడుగలేదు. రంగూనులో తెలుగు కూలీకి సలహాదారు మేస్త్రీ. ఊరిలో ఓడ టిక్కెట్టునకు సొమ్మిచ్చినవాడు మేస్త్రీ. ఇంట గింజలకు ముందుగా కొంత అప్పిచ్చినవాడు మేస్త్రీ. రేవున దిగినప్పుడు వచ్చి గుర్తుపట్టువాడు మేస్త్రీ లేక అతని మనిషి. పెద్ద మేస్త్రీ క్రింద చిన్న మేస్త్రీలు, వారి క్రింద జట్టు నడుపువారు. యజమాని ఇచ్చిన కూలి ఈ మెట్లన్నియు దిగి వచ్చునప్పటికి ప్రతి మెట్టునను కొంత కొంత కరగెడిది. హిందూస్థానీలో రెండు ముక్కలు, బర్మీయమున నాలుగు ముక్కలు వచ్చినవాడు అతడే గనుక ఠాణాలో మాటాడవలెనన్నను అతడే, ఆసుపత్రిలో రోగము చెప్పవలెనన్నను అతడే. ఊరికి ఉత్తరము వ్రాయించువాడును, మనియార్డరు కట్టించువాడును అతడే. జ్వరము వచ్చిన క్వినైను తెచ్చును. చచ్చిన కట్టెలు కొనును. పద్దు పుస్తకము మాత్రము అతని చంకలోనే యుండును.

మేస్త్రీ నందరును దుర్మార్గునిగా చిత్రింతురు. నా కది సరియని తోచదు. అతడును అంతకు పదేండ్ల ముందు మూటతో ఓడ దిగినవాడే. లోప మెచ్చట నున్నదనగా, ఓదార్చువాడును అప్పుల వాడును ఒక్కడే యగుటలో నున్నది. “పని మానుకొందునా? వేరొక మిల్లునకు పోదునా? ఊరికి పోదునా?” అని కూలీ ఎవరి నడుగవలెనో, ఆ ప్రశ్నకు వచ్చు జవాబుమీద వాని లాభనష్టము లాధారపడి యుండెను. చట్టమును అతనివైపే యుండెను. ముందుగా సొమ్ము తీసికొని పని విడిచిపోవు కూలీని 1859 నాటి పదమూడవ చట్టము క్రింద మేజిస్ట్రేటు ఎదుట నిలుపవచ్చును. అప్పు కేవలము వ్యవహారముగాక నేరమైనది. ఆ చట్టము 1926 వరకు చెల్లినది. 1929లో నియమింపబడిన రాయల్ లేబరు కమీషను బర్మాకును పోయి, మేస్త్రీ పద్ధతినిగూర్చియు, కూలీలు క్రిక్కిరిసి పండుకొను బసలనుగూర్చియు విచారించినది. ఒకే చోట పగలు కొందరు, రాత్రి కొందరు వంతులవారీగా నిద్రించుటయు కలదు.

మేస్త్రీకి వెలుపల వేరు ఆధారములు బొత్తుగా లేవని కాదు. 1921లో రామకృష్ణ మిషను వారు రంగూనున ఆసుపత్రి నెలకొల్పిరి. ఆ పడకలమీద పరుండినవారిలో కూలీలే పెక్కురు. తెలుగు బాప్టిస్టులకు చర్చీలుండెను. రామమందిరములు వెలసెను, భజనలు సాగెను, తెలుగు బడులును కొన్ని నడచెను. అయితే మందిరమునకు పోవుటకు తీరిక కావలెను, సంఘమున చేరుటకు చందా కావలెను. బస్తా మోయువానికి రెండును అరుదు.

ఇక 1930 మే నెల. ఈ నెలనుగూర్చి కొంచెము విపులముగా వ్రాయక తప్పదు. మే 5వ తేదీని పెగూ భూకంపము వచ్చి రంగూనునందును ఇండ్లు కూలినవి. అదే సమయమున గాంధీజీ నిర్బంధింపబడిన వార్త చేరినది. రేవులోని తెలుగు కూలీలు పని మానిరి. పిమ్మట కూలి పెంచవలెనని పట్టుపట్టిరి. వారు పొందునది దినమునకు రూపాయిన్నర. అడిగినది రెండు రూపాయలు. ఓడల కంట్రాక్టరులు కోరిక నంగీకరింపక, అంతవరకు రేవు పనిలో అంతగా లేని బర్మా కూలీలను తెచ్చి పనిలో పెట్టిరి. కొన్ని వారములకు ఓడలు నిలిచిపోయి నష్టము హెచ్చినంతట తెలుగువారితో రాజీ కుదిరినది. రాజీ కుదిరిన సంగతి బర్మా కూలీలకు చెప్పవలెనని ఎవ్వరికిని తోచలేదు. మే 26వ తేదీ ఉదయమున వారు ఎప్పటివలెనే పనికి వచ్చిరి. రేవున తెలుగువారు నిలిచియుండిరి. భర్తలకు అన్నము తెచ్చిన బర్మా స్త్రీలను చూచి కొందరు నవ్విరని, ఆ నవ్వుతో కొట్లాట మొదలైనదని చెప్పుదురు. ఆనాడు రంగూను జిల్లా మేజిస్ట్రేటుగా నున్న మోరిస్ కాలిస్ తన ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ అను గ్రంథమున ఆ దినములను వర్ణించెను.

కొద్ది దినములలో, అధికారుల లెక్క ప్రకారమే, నూటయిరువది మంది వరకు చనిపోయిరి. సుమారు తొమ్మిది వందలమంది గాయపడిరి. హతులలో అధికులు తెలుగువారు. అసలు సంఖ్య ఇంతకు రెట్టింపని వాదించినవారు కలరు. బసలలో తలుపులు వేసికొని కూర్చున్నవారిని ఈడ్చి చంపిరి. వేలకొలది ప్రజలు పాత పిచ్చి ఆసుపత్రి ఆవరణమున తలదాచుకొనిరి. పట్టణమున పాయిఖానాలు శుభ్రపరచువారు లేక, రిక్షాలు లాగువారు లేక, రేవు కదలక, రంగూను కొన్నాళ్లు స్తంభించినది. తమను నడపుచున్న చేతు లెవ్వరివో ఆ నగరమునకు అప్పుడు తెలిసియుండును.

ఈ సంఘటనను తెలుగు వ్రాతలలో కొందరు ‘బర్మీయుల క్రౌర్యము’ అను ఒక్క మాటతో ముగింతురు. క్రౌర్యము నిజమే. కాని ధాన్యపు ధర పడిపోయి, చెట్టియార్లకు పొలము లప్పగించి, పల్లెలు విడిచి పట్టణమునకు వచ్చిన బర్మా కూలీయు ఆకలిగొన్నవాడే. అతని ఊరిలో అతనికి పని లేదు; అతని రాజధానిలో అతని భాష లేదు. ఇద్దరు బీదలను ఒకరిమీదికొకరిని ఉసికొల్పి, రాజీ కుదిరినప్పుడు ఒకరికి చెప్పక విడిచినవాడు మూడవవాడు. అతని కేమియు గాయములు కాలేదు. తరువాత రేవు పనిలో బర్మీయులకును వంతు నిచ్చుటకు ఏర్పాట్లు జరిగినవి. అవి మే 25వ తేదీనాడే జరుగవలసినవి.

1937 ఏప్రిలు 1వ తేదీని బర్మా భారతదేశమునుండి వేరుపడినది. ఆ దినమున ఓడలో నున్న తెలుగు కూలీ ఎక్కినప్పుడు ఒక రాష్ట్రమునకు పోవువాడు, దిగునప్పుడు పరదేశమున విదేశీయుడు. 1938 జూలైలో మరల అల్లరులు. అవి ముఖ్యముగ మహమ్మదీయులకు వ్యతిరేకముగ లేచినను ఇతర భారతీయులును నష్టపడిరి. బాక్‌స్టర్ నివేదిక, 1941 జూలైలో ఉభయ ప్రభుత్వముల నడుమ వలస ఒడంబడిక, దానిపై భారత నాయకుల నిరసన: ఇవన్నియు వరుసగా జరిగినవి. ఒడంబడికలోని షరతులపై వాదము తెమలక మునుపే జపానువారి బాంబులు పడినవి.

1941 డిసెంబరు 23వ తేదీని రంగూనుపై మొదటి దాడి జరిగినది. 25వ తేదీని రెండవది. బాంబులు పడినది ముఖ్యముగ రేవు ప్రాంతమున. అనగా తెలుగువాని తల మీద. బ్రతికినవారు ప్రోము రోడ్డు పట్టి ఉత్తరమునకు పరువెత్తిరి. రేవు నడువక యుద్ధము నడువదు గనుక ప్రభుత్వము వారిని బుజ్జగించి, కొంత బలవంతపెట్టి, వెనుకకు తెచ్చినది. పనిచేయగల పురుషులు డెక్కు టిక్కెట్టుపై ఓడ నెక్కుటకు అడ్డంకులు కలిగినవి. పై తరగతి టిక్కెట్టు కొనగలవారు పోయిరి. సముద్రమార్గమున సుమారు డెబ్బదివేలమంది బయటపడిరని అంచనా. 1942 మార్చి 8వ తేదీని రంగూను జపానువారి వశమైన పిమ్మట మిగిలినది కాలిబాటయే.

ఆ బాటలు మూడు. ప్రోమునుండి ఆరకాన్ యోమా పర్వతములు దాటి తౌంగుప్ చేరి, అచ్చటినుండి అక్యాబు మీదుగా చిట్టగాంగునకు పోవునది ఒకటి. చింద్విన్ నది దాటి తామూ, పాలేల్, ఇంఫాల్, దిమాపూరుల మీదుగా పోవునది రెండవది. మూడవది అన్నిటికంటె ఘోరమైనది: హుకాంగ్ లోయ గుండ, పాంగ్‌సౌ కనుమ దాటి అస్సాములోని లీడోకు చేరునది. మే నెలలో వానలు ప్రారంభమైనవి. కలరా, మలేరియా, రక్తవిరేచనములు, జలగలు, ఆకలి. నాలుగు లక్షలకు పైబడిన జనము ఈ బాటలు నడచిరి. బాటలలో మరణించినవారి సంఖ్యను పది వేలనువారు కలరు, యాబది వేలనువారు కలరు, అంతకు మించినదనువారును కలరు. బ్రతికి దాటినవారిని ఓడలవారు లెక్కింపవచ్చును, శిబిరములవారు లెక్కింపవచ్చును. అడవిలో పడిపోయినవానిని లెక్కించుట కెవ్వడు నిలుచును?

తెల్లవారికి సులువైన బాట, నల్లవారికి కఠినమైన బాట కేటాయింపబడినవని ఆనాడు పత్రికలలోను కేంద్ర శాసనసభలోను తీవ్రముగ విమర్శలు వచ్చినవి. ప్రభుత్వము తన సమాధానము తాను చెప్పినది. ఒక్క సంగతి నిర్వివాదము: కారులో పోగలవాడు వానలకు ముందే పోయెను. అయితే అస్సాము తేయాకు తోటల యజమానుల సంఘము వారు బాటల వెంబడి శిబిరములు వేసి, వేడి టీయు అన్నమును ఇచ్చి వేలమందిని బ్రతికించిరి. ఇదియు వ్రాయవలసినదే. తోటల కూలీలే ఆ శిబిరములను మోసిరి. మోయుచు మరణించినవారును అందు గలరు.

కలకత్తా చేరినవారు రైలెక్కి ఉత్తర సర్కారులకు వచ్చిరి. వచ్చునప్పటికి ఏప్రిలు 6వ తేదీని విశాఖపట్టణముపైనను కాకినాడపైనను జపాను బాంబులు పడినవి. ప్రజలు పట్టణములు విడిచి పల్లెలకు పరువెత్తుచుండిరి. రంగూనునుండి నడచివచ్చినవాడు వాల్తేరు స్టేషనులో దిగి ఎదురుగ ఆ జనమును చూచియుండును. ‘కాం దిశం’ అను ప్రశ్నకు అంతకంటె వ్యాఖ్యానము వ్రాయలేము.

యుద్ధము ముగిసిన పిమ్మట కొందరు మరల పోయిరి. ఇచ్చట పొలము లేదు. అచ్చట ఏదో యింత మిగిలియుండునను ఆశ. కాని 1947లో బర్మా ప్రభుత్వము వలస నిబంధనలను కఠినము చేసినది. 1948 జనవరి 4వ తేదీని స్వతంత్రమై, ఆ యేడే పౌరసత్వపు చట్టము చేసినది. బహుకాలముగ నివసించు పరదేశీయులు గడువులోపల దరఖాస్తు పెట్టుకొన్నచో పౌరులు కావచ్చును. ఇచ్చట మరల మన పాత ప్రశ్న లేచును: సలహాదారు ఎవడు? దరఖాస్తు పెట్టవలెనని, దేనికి ఏ సాక్ష్యము చూపవలెనని, పెట్టినవానికేమి, పెట్టనివానికేమి అని తెలుగున చెప్పువాడు కూలీకి దొరకుట కష్టము. పద్దు చంకన బెట్టుకొన్న మేస్త్రీ అప్పటికి లేడు. అతని స్థానమున ఎవ్వరును రాలేదు. దరఖాస్తు పెట్టినవారిలో పెక్కుమందికి జవాబు రాక ఏండ్లు గడచినవి. పెట్టనివారు విదేశీయులుగా నమోదై, యేటేట రుసుము కట్టుచు, తాము పుట్టిన ఊరిలోనే పరదేశీయులుగ బ్రతికిరి.

1962 మార్చి 2వ తేదీని సేనాపతి నీవిన్ అధికారము చేపట్టెను. 1963లో బ్యాంకులు, 1964 మార్చి మొదలు దుకాణములు జాతీయము లైనవి. ఆ యేడు మే 17వ తేదీని యాబది, నూరు చాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. పెద్ద వర్తకులకు నష్టము కలిగినదని చరిత్రలు వ్రాయును. తలగడలో నూరు చాట్ల నోటు దాచుకొన్న చాకలికిని, పాలవానికిని కలిగినది నష్టము కాదు, సర్వనాశనము. ఆ సంవత్సరములలో బర్మా విడిచిన భారతీయుల సంఖ్యను లక్షన్నర మొదలు మూడు లక్షల వరకు వేర్వేరుగ చెప్పుదురు. రేవున సోదాలు జరిగినవి. నగలు, సొమ్ము అచ్చటనే నిలిచిపోయినవి. చట్టియు, చాపయు, బిడ్డలును చేతబట్టుకొని ఓడ లెక్కిరి. ఆ ఓడలు మదరాసునకును విశాఖపట్టణమునకును వచ్చినవి.

విశాఖలో కంచరపాలెమున ‘బర్మా క్యాంపు’ అను పేట నేటికిని ఆ పేరుతోనే యున్నది. క్యాంపు అనునది తాత్కాలికపు మాట. ఆరు దశాబ్దములైనను మారలేదు. మదరాసున వ్యాసర్పాడి మొదలగు చోట్ల వారి కాలనీలు వెలసినవి. 1969 ప్రాంతమున రేవు చెంత ‘బర్మా బజారు’ ఏర్పడినది. ఆ యేడే పునరాగతులకు అప్పులిచ్చుటకై మదరాసున సహకార బ్యాంకు, నేడు ‘రెప్కో’ అను పేరుతో పిలువబడునది, స్థాపింపబడినది. కేంద్ర ప్రభుత్వముతోబాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును అందు వాటాలు గలవు. వ్యాపారపు అప్పులు, ఇంటి అప్పులు, కొన్ని యుద్యోగములు పంచిపెట్టిరి. ఇది చిన్న పని కాదు. 1942లో వచ్చినవారికి ఈపాటి ఏర్పాటు లేదు. పౌరసత్వమునుగూర్చి వీరిని ప్రశ్నించినవారు లేరు. వచ్చిన దినమునుండియు భారతీయులే. ఆ విషయమున వారి అదృష్టము గొప్పది.

అయినను, నేను ఆ పేటలలో తిరిగి పెద్దవారితో మాటాడినప్పుడు వినినది అప్పులనుగూర్చి కాదు. మోల్మేనునందు పుట్టి, బర్మీయమున ఐదవ తరగతి చదివి, తెలుగు ఇంటిలో మాత్రమే మాటాడిన పదేండ్ల బాలిక విశాఖలో బడికి పోయినది. అక్షరములు రావు. మూడవ తరగతి పిల్లల సరసన కూర్చుండబెట్టిరి. మదరాసులో దిగిన తెలుగు బాలునకు ఇంకొక మెట్టు: ఇంట తెలుగు, మనసున బర్మీయము, పలకమీద తమిళము. ఒక ముసలమ్మ నాతో ననిన మాటను ఆమె పలికినట్లే వ్రాయుచున్నాను: “రంగంలో మమ్మల్ని కోరంగీలన్నారు బాబూ. ఇక్కడికొస్తే బర్మావాళ్లన్నారు. తెలుగోళ్లని ఎప్పుడంటారో అని చూస్తన్నాను.” ఆమె ఏడ్చుచు అనలేదు, తమలపాకులు తుడుచుచు అనినది.

పునరావాస శాఖ వద్ద ఇంటికి పద్దు కలదు, దుకాణమునకు పద్దు కలదు. అలవాటైన భాష పోయినవానికి, భర్త వెంట వచ్చి ఒక్క తెలుగు ముక్క ఎరుగని బర్మా భార్యకు, అడవిలో తల్లిని విడిచి వచ్చి ఆ మాట ఇరువదియేండ్లు ఎవ్వరికిని చెప్పనివానికి పద్దు లేదు. అట్టివారి మాట వినుట ఒక విద్య యనియు, వినువాడు చెప్పువాని భాషను ఆచారమును ఎరుగవలెననియు, వానికి అప్పిచ్చువాడు గాని వానిపై అధికారము గలవాడు గాని కారాదనియు నేడు వైద్యులును సంఘసేవకులును శాస్త్రముగ బోధించుచున్నారు. 1964లో ఆ శాస్త్రము మన రేవులకు రాలేదు. వచ్చినది ఇరుగుపొరుగు. ముందు ఓడలో వచ్చినవారు తరువాతి ఓడ వచ్చు దినమున రేవునకు పోయి నిలుచుండి, బర్మీయమున కేక వేసి పిలుచువారట. ఏ కాగితమున ఏ గడిలో ఏమి వ్రాయించవలెనో చెప్పువారట. సాయంకాలములందు ఒక యింట మొహింగా వండి పదిమందికి పెట్టువారట. మదరాసు వీథులలో నేడు యువకులు ఇష్టపడి తిను ‘అత్తో’ ఆ వంటిండ్లనుండి వచ్చినదే. దానిని తినువారిలో ఎందరికి ఆ ఓడల సంగతి తెలియునో!

బర్మాలో మిగిలిన తెలుగువారును కలరు. రంగూననియెడి యాంగోనునందును, మోల్మేను ప్రాంతమునందును వారి మందిరములు, చర్చీలు, సంఘములు నేటికిని నడచుచున్నవి. పిల్లలకు తెలుగు నేర్పు ప్రయత్నములు సాగుచున్నవి. 1982లో వచ్చిన పౌరసత్వపు చట్టము పౌరులను మూడు తరగతులుగ విభజించినది. 1823కు పూర్వమే తమ జాతి బర్మాలో నున్నట్లు లెక్కింపబడినవారు పూర్తి పౌరులు. తక్కినవారు తాత తండ్రుల కాగితములను చూపి క్రింది తరగతులలో చోటు వెదకికొనవలెను. కోరంగి ఓడలో వచ్చినవాడు ఏ కాగితము చూపును?

అదే చట్టము ఆరకానునందలి రోహింగ్యాల పౌరసత్వమునకు ముఖ్యమైన అడ్డంకియైనది. 2012లోను 2017లోను అచ్చట జరిగిన హింసవలన లక్షలమంది దేశము విడిచిరి. వారిలో కొన్ని వేలమంది హైదరాబాదు చేరి బాలాపూరు ప్రాంతమున గుడిసెలలో నున్నారు. వారు కాగితముపై స్వదేశమునకు మరలివచ్చినవారు కారు. భారతదేశము 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకము చేయలేదు గనుక, ఐక్యరాజ్యసమితి వారిచ్చిన కార్డు తప్ప వేరు ఆధారము లేదు. వారి రాకనుగూర్చి దేశమున వాదోపవాదములు కలవు. కోర్టులలో వ్యాజ్యములు నడచినవి. ఆ తీర్పు ఈ వ్యాసము చెప్పునది కాదు. 1942లో ప్రోమునుండి తౌంగుప్‌నకు, తౌంగుప్‌నుండి అక్యాబునకు తెలుగు కూలీలు కలరాతో నడచినది వారి ఆరకాను గుండనే యని మాత్రము గుర్తుచేయుచున్నాను. ఆసుపత్రిలో వారి స్త్రీ తన నొప్పి ఎచ్చటనో చెప్పలేక చేతితో చూపినప్పుడు, ఆమెకు దుబాసీయై వచ్చునది పెక్కుమారులు ముందు వచ్చిన పొరుగువాడే.

బర్మా తెలుగువారి చరిత్రకు కావలసిన సామగ్రి ఇంకను ఇండ్లలోనే యున్నది. బర్మా ప్రభుత్వము విదేశీయుల కిచ్చిన నమోదు పుస్తకములు, ఓడ టిక్కెట్లు, రంగూను మనియార్డరు రసీదులు, మేస్త్రీల పద్దు పుస్తకములు, 1942లో అస్సాము శిబిరములలో ఇచ్చిన చీటీలు, ఉత్తరములు: వీటిని పోగుచేసిన గ్రంథాలయము తెలుగునాట నేను చూచి యెరుగను. ఈ సంపుటమును చదువు బరంపురము వారిలోను, మదరాసు వారిలోను, యానాము వారిలోను రంగము పోయినవారి మనుమలు తప్పక యుందురు. పెట్టె యడుగున అట్టి కాగితము కనబడినచో దానిని చెదల పాలు చేయక, ఒక నకలు తీయించి, ఎవరిదో, ఏ ఊరినుండి ఏ రేవున ఎక్కినారో వెనుక వ్రాసి, సంఘమునకు పంపవలసినదిగా కోరుచున్నాను. కాగితము లేనివారు, ఇంట పెద్దవారు చెప్పిన ఓడ పేరైనను వ్రాసి పంపిన చాలును.